ఆనర్స్ కాలేజీలో చేరాలా, మొదటి ఏడాది దాని హాస్టల్లోనే ఉండాలా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. మీ కుటుంబం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటోంది. మీ అమ్మాయికి రట్గర్స్ విశ్వవిద్యాలయం న్యూబ్రన్స్‌విక్‌లో ఇంజనీరింగ్ సీటుతో పాటు ఆనర్స్ కాలేజీలో (పెద్ద విశ్వవిద్యాలయం లోపలే చురుకైన విద్యార్థుల కోసం నడిపే చిన్న కళాశాలలో) చేరమని పిలుపు కూడా వచ్చింది. చేరితే మొదటి సంవత్సరం ఆ కాలేజీ భవనంలోనే ఉండాలన్నది వాళ్ళ నియమం. ఇల్లు కారులో ఇరవై నిమిషాల దూరంలో ఉండగా గదికీ భోజనానికీ కలిపి ఏడాదికి సుమారు 15,000 డాలర్లు పెట్టడం అవసరమా, ‘ఆనర్స్’ అన్న మాటకు రేపు ఉద్యోగాల్లో విలువ ఉంటుందా, అక్కడి ఒత్తిడికి మార్కులు తగ్గితే ఎలా అన్నవి మీ సందేహాలు. మే 1 లోపు నిర్ణయం చెప్పాలి.

నేను వేరే రాష్ట్రంలో ఒక పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో పదహారేళ్ళుగా ఆనర్స్ విద్యార్థులకు సలహాదారుగా పనిచేస్తున్నాను. ఏటా ఏప్రిల్‌లో ఇదే ప్రశ్నతో వచ్చే తల్లిదండ్రులతో, వారిలోనూ మన తెలుగు కుటుంబాలతో, ఎన్నోసార్లు కూర్చుని మాట్లాడిన అనుభవంతో చెబుతున్నాను. ఆ 15,000 డాలర్లు అప్పు చేయకుండా ఇవ్వగలిగితే, అమ్మాయికి కూడా ఇష్టమైతే, చేర్పించండి. మొదటి ఏడాది అక్కడే ఉండనివ్వండి. రెండో ఏడాది ఇంటికి వస్తుందా, బయట గది తీసుకుంటుందా, అసలు ఆనర్స్‌లో కొనసాగుతుందా అన్నది అప్పుడు మళ్ళీ ఆలోచించుకోవచ్చు. ఆ డబ్బు కోసం మీ పేరు మీదో ఆమె పేరు మీదో అప్పు తేవలసి వస్తే మాత్రం నా సలహా దీనికి పూర్తిగా వేరు: ఇంటి నుంచే వెళ్ళిరానివ్వండి, ఆనర్స్ పిలుపును వదులుకోండి. అదే ఇంజనీరింగ్ డిగ్రీ, అదే ప్రొఫెసర్లు, అవే ప్రయోగశాలలు ఆమెకు ఎలాగూ అందుబాటులో ఉంటాయి.

ఉద్యోగాల సంగతి ముందే తేల్చేస్తాను. ‘ఆనర్స్’ అన్న మాట రెజ్యూమెలో ఒక పంక్తి, అంతకు మించి ఏమీ కాదు. ఇంజనీరింగ్ కంపెనీలు చూసేది విద్యార్థి ఏం తయారుచేసింది, ఎక్కడ ఇంటర్న్‌షిప్ చేసింది, ఇంటర్వ్యూలో ఎలా ఆలోచించింది అన్నవే. పీహెచ్‌డీ, మెడికల్ స్కూలు దరఖాస్తుల్లో కూడా ఆ పేరుకు పెద్ద బరువు లేదు. బరువు ఉన్నవి రెండు: ఏడాదికి తక్కువ కాకుండా ఒకే అంశం మీద చేసిన పరిశోధన, ఆ పనిని పక్కనే ఉండి చూసిన ప్రొఫెసరు రాసే సిఫారసు లేఖ. ఈ రెండూ ఆనర్స్ బయట కూడా సంపాదించుకోవచ్చు, కానీ ఆనర్స్‌లో ఉంటే దారి దగ్గరవుతుంది.

మన కుటుంబాల్లో ఆనర్స్ అనగానే ఇంటర్మీడియట్ నాటి స్టార్ బ్యాచ్ గుర్తుకు వస్తుంది. ర్యాంకు తెచ్చేవాళ్ళను వేరుచేసి, మంచి లెక్చరర్లను వాళ్ళకే కేటాయించి, వారం వారం పరీక్షలు పెట్టి తోమే సెక్షన్ అది. ఆనర్స్ కాలేజీ అలాంటిది కాదు, ఇక్కడ ఎవరూ తోమరు. చేరిన విద్యార్థి తనంతట తాను వెళ్ళి తలుపు తట్టకపోతే నాలుగేళ్ళూ ఏమీ జరగకుండానే గడిచిపోతాయి, అలా గడిచిపోయినవాళ్ళను నేను చాలామందిని చూశాను. మన దేశంలో బీఎస్సీ ఆనర్స్ అంటే ఒక సబ్జెక్టును లోతుగా చదవడం; దానితోనూ దీనికి సంబంధం లేదు. పట్టా మీద వచ్చే ‘సుమ్మా కమ్ లాడే’ వంటి గౌరవాలు మార్కులను బట్టి ఇచ్చేవి, ఆనర్స్ కాలేజీలో లేనివాళ్ళకూ వస్తాయి. డీన్స్ లిస్టు ఒక్కో సెమిస్టరు మార్కులకు సంబంధించిన జాబితా. వీటన్నిటినీ ఒకే గాటన కట్టి మాట్లాడుకోవడం వల్లనే సగం అపోహలు పుడుతున్నాయి.

ఈ ఏర్పాటు ఎందుకు పుట్టిందో తెలిస్తే దాని నుంచి ఏం ఆశించవచ్చో కూడా తెలుస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి వచ్చిన ఫ్రాంక్ ఐడెలాట్ స్వార్త్‌మోర్ అనే చిన్న కళాశాలకు అధ్యక్షుడై, 1922లో అక్కడ ఆనర్స్ పద్ధతిని ప్రవేశపెట్టారు: పెద్ద తరగతుల ఉపన్యాసాల బదులు చిన్న సెమినార్లు, చివర్లో బయటి నుంచి వచ్చిన పరీక్షకులు. తరువాత ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు దీన్ని అందుకున్నాయి. టెక్సస్ విశ్వవిద్యాలయంలో ‘ప్లాన్ 2’ అనే ఆనర్స్ కార్యక్రమం 1935లోనూ, మిషిగన్ స్టేట్‌లో ఆనర్స్ కాలేజీ 1956లోనూ మొదలయ్యాయి. వేలాది విద్యార్థులున్న ప్రాంగణంలో చురుకైనవాళ్ళు తప్పిపోకుండా, ఖరీదైన ప్రైవేటు కళాశాలలకు తరలిపోకుండా, పెద్ద విశ్వవిద్యాలయం లోపలే ఒక చిన్న కళాశాలను కట్టి ఇవ్వడం దీని ఉద్దేశం. అంటే విశ్వవిద్యాలయం మీ అమ్మాయిని తన దగ్గర నిలుపుకోవడానికి చేస్తున్న ప్రయత్నంలో ఇది ఒక భాగం. అందులో తప్పేమీ లేదు. పిలిచినవాళ్ళు ఏం పెడుతున్నారో చూసుకోవలసిన బాధ్యత మాత్రం మనదే.

ఏం పెడుతున్నారన్నది చాలావరకు వెనక ఉన్న నిధిని బట్టి ఉంటుంది. పెన్ స్టేట్‌లో 1980 నుంచి ఉన్న స్కాలర్స్ ప్రోగ్రాం, ష్రేయర్ దంపతులు ఇచ్చిన 3 కోట్ల డాలర్ల విరాళంతో 1997లో ఆనర్స్ కళాశాలగా మారింది. అరిజోనా స్టేట్‌లో 1988లో మొదలైన ఆనర్స్ కళాశాలకు ఇంటెల్ అధినేతగా పనిచేసిన క్రెయిగ్ బారెట్, ఆయన భార్య బార్బరా 2000లో కోటి డాలర్లు ఇచ్చారు. దానికి వాళ్ళ పేరే పెట్టారు. అలాంటి నిధి ఉన్నచోట వేసవి పరిశోధనకూ విదేశీ సెమిస్టరుకూ ఆర్థిక సాయం దొరికే అవకాశం ఎక్కువ. నిధి లేనిచోట ఆనర్స్ అంటే ఒక వెబ్ పేజీ, ఇద్దరు సలహాదారులు, విద్యార్థి నుంచి వసూలు చేసే ప్రత్యేక రుసుము మాత్రమే కావచ్చు. మీరు విచారించేటప్పుడు ‘మా అమ్మాయి పరిశోధనకు, ప్రయాణానికి మీరు ఇచ్చే సాయం ఎంత, అది ఎంతమందికి అందుతుంది’ అని నేరుగా అడగండి. అడగడానికి మొహమాటపడకండి, మేము రోజూ వినే ప్రశ్నే అది.

చిన్న తరగతుల గురించి రెండు మాటలు. మొదటి ఏడాది చాలా ఆనర్స్ కళాశాలల్లో ఒక సెమినారు ఉంటుంది. అరిజోనా స్టేట్‌లో ‘ది హ్యూమన్ ఈవెంట్’ పేరుతో రెండు సెమిస్టర్లపాటు పాత గ్రంథాలు చదివి చర్చించాలి. ఇంజనీరింగ్ పిల్లలు, అందులోనూ మన పిల్లలు, ఇది తమకు ఎందుకని విసుక్కుంటారు. నా అనుభవంలో వాళ్ళకు ఎక్కువ అవసరమైన తరగతి అదే. పదమూడేళ్ళ చదువులో చెయ్యెత్తి ఒక్క ప్రశ్న అడగని పిల్లలు, ఇరవై మంది బల్ల చుట్టూ కూర్చున్న గదిలో తప్పించుకునే చోటు లేక మాట్లాడడం నేర్చుకుంటారు.

కోర్సుల నమోదులో ముందు వరుస దొరకడం ఇంకో లాభం. చిన్నదిగా కనిపిస్తుంది గానీ, కావలసిన కోర్సులో సీటు దొరకక ఒక సెమిస్టరు వెనకబడినవాళ్ళకు దాని విలువ తెలుసు. అయితే ఇది అన్ని చోట్లా ఉండదు, ఉన్నచోట కూడా అన్ని విభాగాలకూ వర్తించదు.

ఇక ఆనర్స్ కాంట్రాక్టు అని ఒకటి ఉంటుంది. ఇది బ్రోషర్లలో పెద్దగా కనిపించదు, కానీ ఇంజనీరింగ్ విద్యార్థి ఆనర్స్ క్రెడిట్లలో చాలా భాగం దీని ద్వారానే వస్తాయి. మామూలు కోర్సులోనే కూర్చుని, ఆ ప్రొఫెసరుతో అదనంగా ఒక పని ఒప్పుకుంటే ఆ కోర్సు ఆనర్స్ కింద లెక్కకు వస్తుంది. మా దగ్గర ఆ ఫారం ఒక్క పేజీ. పైన పేరు, కోర్సు సంఖ్య. కింద మూడు సంతకాలు. మధ్యలో ‘ఈ కోర్సులో నేను అదనంగా చేయబోయేది’ అని ఒక గడి. ఆ గడిలో ‘పది పేజీల వ్యాసం రాస్తాను’ అని రాసుకొచ్చిన విద్యార్థికీ, ‘మీ ప్రయోగశాలలో నెలకు రెండుసార్లు జరిగే సమావేశానికి వచ్చి, మూడు నెలల తరువాత ఒక పరికరం కొలతల్లో వస్తున్న తేడా ఎందుకో వివరిస్తాను’ అని రాసుకొచ్చిన విద్యార్థికీ నాలుగేళ్ళ తరువాత చాలా తేడా ఉంటుంది. రెండో రకం ఫారాలు నా బల్ల మీదికి వచ్చినప్పుడు ఆ ప్రొఫెసరు పేరు గుర్తుపెట్టుకుంటాను, ఎందుకంటే రెండేళ్ళకు అదే పేరు థీసిస్ (చివరి ఏడాది పరిశోధన వ్యాసం) మార్గదర్శి స్థానంలో కనిపిస్తుంది.

థీసిస్ లేదా దానితో సమానమైన ప్రాజెక్టు చివరి ఏడాది పని. ఇంజనీరింగ్ విభాగాల్లో చాలాచోట్ల చివరి సంవత్సరపు డిజైన్ ప్రాజెక్టునే పెంచి థీసిస్‌గా ఒప్పుకుంటారు. మీ అమ్మాయి విభాగంలో ఆ వీలుందో లేదో ఇప్పుడే అడగండి. ఆనర్స్‌లో చేరి మధ్యలో మానేసినవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. కారణం తెలివి తక్కువై కాదు. మూడో ఏడాది దాకా ఏ ప్రొఫెసరుతోనూ పరిచయం లేకుండా ఉండి, హఠాత్తుగా మార్గదర్శి కోసం వెతుక్కోవలసి రావడమే కారణం.

ఇప్పుడు మీ అసలు చిక్కుకు, నివాసానికి వస్తాను. మన తరానికి హాస్టల్ అనగానే గుర్తుకు వచ్చేది విజయవాడలోనో హైదరాబాదులోనో ఒక గదిలో ఎనిమిది మంది, తెల్లవారుజామున లేపే గంట, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్లు. ఆ జ్ఞాపకంతోనే చాలామంది తల్లిదండ్రులు ‘ఇల్లు దగ్గర ఉండగా పిల్లకు ఆ బాధ ఎందుకు’ అంటారు. వాళ్ళ ఉద్దేశం ప్రేమే. కానీ ఆనర్స్ నివాసం ఉద్దేశం వేరు. ఒకే ఏడాది చేరిన, ఒకే రకమైన కోర్సులు చదివే కొన్ని వందల మందిని ఒకే కప్పు కింద ఉంచి, సాయంత్రాల్లో వాళ్ళు ఒకరికొకరు అందుబాటులో ఉండేలా చేయడం దాని పని. తరగతులు చాలావరకు పగలే అయిపోతాయి. చదువు జరిగేది రాత్రి.

మా దగ్గరి ఆనర్స్ హాస్టల్లో మూడో అంతస్తులో ఒక కామన్ రూం ఉంది. అందులో గోడ పొడవునా తెల్ల బోర్డు. అక్టోబరు నెలలో, మొదటి కెమిస్ట్రీ మధ్యంతర పరీక్షకు ముందు రాత్రి, నేను అక్కడ ఒక సమావేశానికి వెళ్ళి ఆలస్యంగా బయటికి వస్తూ చూశాను: బోర్డుకు ఒక చివర సమతాస్థితి సమీకరణం మూడు రంగుల్లో రాసి ఉంది, రెండో చోట ఎవరో తప్పు చేసి గీసి కొట్టేశారు, కింద నలుగురు నేల మీద కూర్చుని ఒక్క లెక్క దగ్గర వాదించుకుంటున్నారు. వాళ్ళలో ఒక తెలుగు అమ్మాయి చేతిలో ఇంటి నుంచి తెచ్చిన చేగోడీల డబ్బా ఉంది, అది అందరి చేతులూ మారుతోంది. ఆ నలుగురిలో ముగ్గురు చివరి ఏడాది దాకా కలిసే చదువుకున్నారు. ఇద్దరు మధ్యలో ఆనర్స్ మానేశారు కూడా, కానీ ఆ చదువు జట్టు మాత్రం చెదరలేదు. నివాసానికి పెట్టిన డబ్బుకు వచ్చిన ఫలితం ఏమిటని అడిగితే నేను ఆ బోర్డునే చూపిస్తాను.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి. మా ఊళ్ళోనే ఉండే ఒక తెలుగు కుటుంబంలోని అబ్బాయి, ఇల్లు పాతిక నిమిషాల దూరమే కాబట్టి, మా దగ్గర నివాసం తప్పనిసరి కాదు కాబట్టి, ఇంటి నుంచే వచ్చి వెళ్ళాడు. మంచి విద్యార్థి. సాయంత్రం ఐదు కాగానే ట్రాఫిక్ పెరుగుతుందని బయలుదేరేవాడు. ఆరున్నరకు జరిగే అతిథి ఉపన్యాసాలు, ఏడింటికి మొదలయ్యే చదువు జట్లు, ఎవరూ ప్రకటించకుండా భోజనాల బల్ల దగ్గర తెలిసే పరిశోధన అవకాశాలు, ఇవన్నీ అతను లేనప్పుడే జరిగాయి. రెండో ఏడాది చివర నా దగ్గరికి వచ్చి ఆనర్స్ మానేస్తానన్నాడు. అతని మార్కులు బాగానే ఉన్నాయి. ‘నాకు ఇక్కడ ఎవరూ తెలియదు’ అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. మొదటి ఏడాదే అతన్ని కూర్చోబెట్టి వారానికి రెండు సాయంత్రాలైనా ప్రాంగణంలో గడపమని నేను గట్టిగా చెప్పి ఉండవలసింది.

మీ విషయంలో రట్గర్స్ భూగోళం కూడా చూడాలి. ఆ విశ్వవిద్యాలయం న్యూబ్రన్స్‌విక్‌లో రారిటన్ నదికి ఇరువైపులా పలు ప్రాంగణాలుగా విడిపోయి ఉంది. 2015లో తెరిచిన ఆనర్స్ కాలేజీ భవనం కాలేజ్ అవెన్యూ ప్రాంగణంలో ఉంది. దాదాపు 500 మంది మొదటి సంవత్సరం విద్యార్థులు ఉండేలా, తరగతి గదులూ సలహాదారుల కార్యాలయాలూ అధ్యాపకుల నివాసమూ అందులోనే ఉండేలా కట్టారు. కానీ ఇంజనీరింగ్ భవనాలు నదికి అవతల, పిస్కాటవే వైపు బుష్ ప్రాంగణంలో ఉన్నాయి. అంటే మీ అమ్మాయి ఆనర్స్ భవనంలో ఉన్నా రోజూ విశ్వవిద్యాలయం బస్సు ఎక్కి నది దాటవలసిందే. నివాసం తీసుకుంటే ప్రయాణం తప్పుతుందన్న లెక్క మీకు వర్తించదు. కొందరు ఇంజనీరింగ్ విద్యార్థులు అందుకే బుష్‌లో ఉండడానికే మొగ్గుతారు. అయినా ఇంటి నుంచి వస్తే దారిలో ఉదయపు రద్దీ ఒకటి, పార్కింగ్ దొరికాక మళ్ళీ ప్రాంగణాల మధ్య తిరిగే బస్సు ఒకటి. మీరు చెప్పిన ఇరవై నిమిషాలు ఆదివారం ఉదయం లెక్క. ఒక మంగళవారం ఉదయం ఎనిమిదింటికి అమ్మాయితో కలిసి ఇంటి దగ్గర బయలుదేరి బుష్‌లో తరగతి గది తలుపు దాకా వెళ్ళి చూడండి.

ఇల్లు దగ్గర ఉండడం వల్ల మీకు ఒక సౌకర్యం ఉంది, ఒక ప్రమాదమూ ఉంది. జబ్బు చేసినా, దిగులు పుట్టినా అరగంటలో ఇంట్లో ఉంటుంది. అది చిన్న విషయం కాదు. కానీ ప్రతి శుక్రవారం సాయంత్రం వెళ్ళి తీసుకొచ్చి ఆదివారం రాత్రి దింపడం మొదలుపెడితే, మీరు డబ్బు కట్టింది నివాసానికి, ఆమె పొందింది వారానికి ఐదు రాత్రుల బస మాత్రమే అవుతుంది. మొదటి ఆరు వారాలు ఇంటికి రాకుండా ఉండమని నేను చెబుతుంటాను. పప్పు, కూర, పెరుగన్నం కావాలంటే మీరే తీసుకెళ్ళి ఇవ్వండి, ఆమె స్నేహితులకు కూడా సరిపడా పెట్టండి.

ఇక హెచ్చరికలు. నివాసం విషయంలో మాకే ఒక చేదు అనుభవం ఉంది. మా పెద్దమ్మాయి వేరే రాష్ట్రంలో ఒక విశ్వవిద్యాలయం ఆనర్స్‌లో చేరింది. ఆనర్స్ హాస్టల్లో గది ఖాయమని బ్రోషర్‌లో ఉంది, రుసుమూ కట్టించుకున్నారు. ఆ ఏడాది అనుకున్నదానికంటే ఎక్కువమంది చేరడంతో, ఆగస్టు రెండో వారంలో ప్రాంగణం చివర ఉన్న మామూలు హాస్టల్లో, ఇద్దరుండే గదిలో ముగ్గురిని సర్దారు. ఒప్పందం చదివితే ‘గది అందుబాటును బట్టి’ అన్న మాట ఉంది. మేము ముందు చదవలేదు. అందుకే నివాస ఒప్పందం మొత్తం, ముఖ్యంగా గది హామీ గురించీ మధ్యలో ఖాళీ చేస్తే కట్టవలసిన డబ్బు గురించీ ఉన్న పేరాలు, సంతకానికి ముందే చదవండి. సాధారణంగా అది ఒక సెమిస్టరుకు కాదు, మొత్తం విద్యా సంవత్సరానికి కట్టుబడే ఒప్పందం.

మార్కుల భయం గురించి. ఆనర్స్‌లో నిలవాలంటే ఒక కనీస జీపీఏ (4కు లెక్కించే గ్రేడుల సగటు) ఉంటుంది; అరిజోనా స్టేట్‌లోని బారెట్ కళాశాలలో అది 3.25, కొన్ని చోట్ల ఇంతకంటే ఎక్కువ. ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో కాల్క్యులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఒక్కసారిగా మీద పడినప్పుడు హైస్కూల్లో అన్నీ ‘ఎ’లు తెచ్చుకున్న పిల్లలకూ గట్టి దెబ్బ తగులుతుంది. చాలా కళాశాలలు వెంటనే తీసేయవు, కోలుకోవడానికి ఒక సెమిస్టరు ఇస్తాయి. ఒకవేళ బయటికి రావలసి వచ్చినా ఇంజనీరింగ్ సీటుకు ఏమీ కాదు, ట్రాన్స్‌క్రిప్టు (మార్కుల పత్రం) మీద మచ్చ పడదు. అయితే ఆనర్స్‌కు ముడిపెట్టిన స్కాలర్‌షిప్ ఏదైనా ఉంటే అది పోవచ్చు. ఆ ఒక్క సంగతి మాత్రం మీకు వచ్చిన పిలుపు ఉత్తరంలో వెతికి చూసుకోండి.

హైస్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే కాలేజీ స్థాయి) పరీక్షల క్రెడిట్లు బాగా తెచ్చుకుని మూడేళ్ళలో డిగ్రీ ముగించాలన్న ఆలోచన ఉంటే ఆనర్స్‌కూ దానికీ పొసగదు. పరిశోధనకు కావలసింది సమయం. ఒక ఏడాది ఖర్చు మిగుల్చుకోవడమే మీ లక్ష్యమైతే అది గౌరవించదగ్గ లక్ష్యమే, కానీ అప్పుడు ఆనర్స్ జోలికి వెళ్ళవద్దు.

మీ వీసా స్థితి రాయలేదు కాబట్టి ఇది కూడా చెబుతున్నాను. అమ్మాయి ఇంకా హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబ సభ్యులకు ఇచ్చే వీసా) మీద ఉంటే జీతం తీసుకుని పనిచేయడానికి వీల్లేదు, అది ప్రొఫెసరు దగ్గర పరిశోధన సహాయకురాలి పనైనా సరే. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో నడిచే వేసవి పరిశోధన శిబిరాల్లో భత్యం పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకూ మాత్రమే. 21 ఏళ్ళు నిండితే హెచ్4 ముగుస్తుంది. ఎఫ్1కు (విద్యార్థి వీసాకు) మారడం చాలామందికి చదువు మధ్యలోనే వస్తుంది. అటువంటి పిల్లలకు ఆనర్స్ మరింత ఉపయోగం అని నా అభిప్రాయం. డబ్బు తీసుకోకుండా, కోర్సు క్రెడిట్ల కింద పరిశోధన చేసే దారి ఆనర్స్ కాంట్రాక్టులూ థీసిస్సూ ఇస్తాయి. జీతం రాదు, కానీ ప్రయోగశాలలో చోటూ సిఫారసు లేఖా దొరుకుతాయి. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి రెండేళ్ళు అలాగే పనిచేసింది. తోటివాళ్ళు గంటకు ఇంత అని తీసుకుంటుంటే తనకు కష్టంగానే ఉండేదని చెప్పింది, కానీ ఆ ప్రొఫెసరు లేఖతోనే పీహెచ్‌డీకి సీటు సంపాదించుకుంది.

ఆనర్స్ వద్దనుకున్నవాళ్ళు నష్టపోతారని అనుకోకండి. మా రెండోవాడికి పిలుపు వచ్చినా చేరలేదు. వాడికి చర్చా తరగతులు ఇష్టం లేదు, చేతులతో చేసే పని ఇష్టం. మొదటి నెలలోనే రేసు కారు తయారుచేసే విద్యార్థి బృందంలో చేరి, నాలుగేళ్ళూ వర్క్‌షాపులోనే గడిపాడు. వాడి స్నేహితులూ గురువులూ ఉద్యోగమూ అన్నీ అక్కడి నుంచే వచ్చాయి. రట్గర్స్‌లో కూడా ఇంజనీరింగ్ స్కూలుకు సొంతంగా ఆనర్స్ అకాడమీ ఒకటి ఉంది. ఈసారి ఆనర్స్ కాలేజీ వదులుకుంటే తరువాత దానిలో చేరే దారి ఏమిటో ఇంజనీరింగ్ సలహాదారులను అడిగి తెలుసుకోండి.

మే 1 లోపు మీరు చేయవలసిన పని ఒక్కటే ముఖ్యమైనది. డీన్లు, కౌన్సెలర్లు, నాలాంటి సలహాదారులు చెప్పేది కాదు, అక్కడ ఇప్పుడు మూడో ఏడాది ఇంజనీరింగ్ చదువుతున్న ఇద్దరు ఆనర్స్ విద్యార్థులతో మీ అమ్మాయిని అరగంట మాట్లాడనివ్వండి. ఆనర్స్ కాలేజీ కార్యాలయానికి ఉత్తరం రాస్తే వాళ్ళే కలుపుతారు. మీరు పక్కన కూర్చోవద్దు. మొదటి సంవత్సరం పిల్లలకు అన్నీ కొత్తగా, బాగానే ఉంటాయి; మూడో ఏడాదివాళ్ళకు ఏది మిగిలిందో తెలుసు. ‘నీకు పేరుతో తెలిసిన ప్రొఫెసర్లు ఎంతమంది, మొదటివారితో పరిచయం ఎలా మొదలైంది’ అని అడగమనండి. ‘నీ హాస్టల్ స్నేహితుల్లో ఇంకా ఎవరితో కలిసి చదువుతున్నావు’ అని అడగమనండి. తిరిగి వచ్చాక ఆమె ముఖంలో ఉత్సాహం ఉందా, మీకోసం సరే అంటోందా అన్నది మీకంటే బాగా ఎవరికీ తెలియదు. మీకోసమే సరే అంటోందనిపిస్తే చేర్పించకండి.

చేర్పిస్తే ఇంకొక్క విషయం ఇప్పుడే మనసులో పెట్టుకోండి. నివాసం తప్పనిసరి అన్నది మొదటి ఏడాదికే. చాలా విశ్వవిద్యాలయ పట్టణాల్లో రెండో ఏడాదికి బయటి ఇళ్ళ లీజులు ముందటి అక్టోబరు, నవంబరులలోనే సంతకాలు అయిపోతుంటాయి. అప్పటికి పిల్లలకు ఒకరితో ఒకరికి పరిచయమై రెండు మూడు నెలలే అవుతుంది. తొందరపడి ఐదుగురితో కలిసి సంతకం పెట్టవద్దని చెప్పండి. దీపావళికి ఇంటికి వచ్చినప్పుడు ఈ విషయం మాట్లాడుకోండి, మీ ఇంట్లో ఆమె గది అలాగే ఉంటుందని, రెండో ఏడాది అక్కడికి రావాలనిపిస్తే రావచ్చని అప్పుడే చెప్పి ఉంచండి.